గంటల్లో దోపిన గుడ్డ

పోయిన నెలలో మా తమ్ముడు ఊళ్లో పశువుల కొట్టం విప్పించి, ఆ జాగాలో ట్రాక్టరుకు రేకుల షెడ్డు వేయిస్తున్నాడంటే, ఒకసారి చూసి వద్దామని నిజామాబాద్‌లో బస్సెక్కి వెళ్లాను. దూలాలు అప్పటికే దింపేశారు. విరిగిన కాడి, పలుపు తాళ్లు, చిల్లుపడ్డ చాటల మధ్య ఎడ్ల మెడకు కట్టే గంటల పట్టెడ ఒకటి పడి ఉంది. తమ్ముడు దాన్ని తీసి నా ముందు ఊపి చూపించాడు.

"అక్కా, గిది మోగుతనే లేదే. పాత సామాన్లోనికి ఇచ్చేద్దమా?"

వాడి తప్పు లేదు. ఆ పట్టెడ మేకుకు ఎక్కిననాటికి వాడు మేము అవ్వ అని పిలిచే అమ్మ చంకలో పాలు తాగుతున్నాడు. నేను దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తోలు ఎండి అప్పడంలా అయినా ఆముదం వాసన ఇంకా వదల్లేదు. గంటలు మోగకపోవడానికి కారణం నాకు తెలుసు. ఒక్కొక్క గంట నోట్లో గుడ్డ ముక్క దోపి ఉంది. దుమ్ము దులిపితే ఎరుపు గళ్లు బయటపడ్డాయి. ఎవరి రుమాలుదో కూడా నాకు తెలుసు. ఊళ్లో అందరి ముందూ ఏడవకూడదనుకున్నాను గానీ నా వల్ల కాలేదు.

మా ఊరు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరం. మాటవరసకు అనడం లేదు. ఫ్యాక్టరీ సైరన్ కూస్తే మా వంటింట్లో ఇత్తడి చెంబు సన్నగా గుయ్‌మనేది. దసరా, దీపావళి వెళ్లి చలి మొదలయ్యే వేళకు సీజను తెరిచేవాళ్లు. ఇక అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా సగం తీపిగా, సగం పులుపుగా ఉండే చెరకు మడ్డి వాసన ఊరి మీద దుప్పటిలా పరుచుకునేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు ఆశ్చర్యంగా ఉండేది, ఎందుకంటే మాకు ఆ వాసనకే ఆకలయ్యేది. అవ్వ ఉతికి ఆరేసిన చీరల మీద పొగగొట్టం మసి నల్లగా రాలేది. వర్ని నుంచీ, కోటగిరి నుంచీ, మంజీర అవతల నుంచీ చెరకు బండ్లు వచ్చి ఫ్యాక్టరీ గేటు నుంచి మా వాకిలి దాకా, ఒక్కోరోజు మా వాకిలి దాటి కూడా లైను కట్టేవి. తమ వంతు వచ్చేదాకా బండ్ల వాళ్ల కాపురమంతా రోడ్డు మీదే. మూడు రాళ్లు పెట్టి జొన్న రొట్టెలు కాల్చుకునేవాళ్లు, మిరపకాయ తొక్కు నంజుకునేవాళ్లు, అవతలి గట్టు వాళ్లు మరాఠీలో ఎడ్లను తిట్టేవాళ్లు. మేము పిల్లలం బండి వెనక నక్కి చెరకు గడలు లాగేవాళ్లం. లాగినందుకు తిట్టేవాడే గడ చాలా సన్నగా వచ్చిందని ఇంకోటి విరిచి ఇచ్చేవాడు.

చెరకు పండే ఊళ్లల్లో అదొక పద్ధతి. సీజనులో ఎవరు ఎదురుపడ్డా నోరు తీపి చేయకుండా పంపకూడదు. ఎంత లేనివాడైనా నడుముకు ఒక బెల్లం ముక్క చెక్కుకుని తిరిగేవాడు. ఇవ్వకపోవడం పాపం, ఇచ్చింది కాదనడం అంతకన్నా పెద్ద పాపం. మా బాపమ్మ మోర్తాడు నుంచి వచ్చిన మనిషి, పసుపు పండించే ఇంటి ఆడపిల్ల. "మా పుట్టింట్ల చేతులు పచ్చగ, మీ ఇంట్ల నోళ్లు తియ్యగ. మాటలు మాత్రం రెండు దిక్కుల చేదే" అని మా తాతను దెప్పేదట. ఇంటికి సరిపడా బెల్లం మేమే వండుకునేవాళ్లం. గానుగ తిరుగుతుంటే, పెనంలో పాకం బుసబుస పొంగుతుంటే, చెరకాకు దొప్ప పట్టుకుని వేడి పాకం కోసం నిలబడేవాళ్లం. నాలుక కాలినా సరే, ముందు తిన్నవాళ్లదే గొప్ప.

మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన తమ్ముడు గంగారాం కాక. పెళ్లైన ఏడాదికే పురుట్లో పెండ్లాం పోయింది, బిడ్డా దక్కలేదు. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. పొలం పని చేసేవాడు గానీ మనసు పెట్టి చేసింది హార్మోనియం ఒక్కటే. శనివారం భజనలో వాయించేవాడు, మిగతా రోజుల్లో అరుగు మీద తనకోసం వాయించుకునేవాడు. ఇంట్లో మనిషి ఉన్నాడని ఆ పెట్టె మోతను బట్టి తెలిసేది, అంత తక్కువ మాట ఆయనది.

ఒక సీజను చివర్లో, చెరకు కొట్టిన మడిలో ఎండాకు కాల్చబోతూ, ఆకు కింద కుయ్యిమంటున్న కుక్కపిల్లను కాక తీసుకొచ్చాడు. తెల్లటి ఒళ్లు, ఒక చెవి మాత్రం పసుపు ముంచినట్టు ఉండేది. మోతి అని పేరు పెట్టాడు. అది హార్మోనియం దగ్గరే పడుకునేది. వేళ్లు కదిలితే చెవులు కదిపేది. ఒకరోజు కొట్టంలో ఎద్దు తల విదిలించి గంటలు గల్లుమన్నప్పుడు మోతి ఉలిక్కిపడి వెనక కాళ్ల మీద లేచింది. కాక అది చూశాడు. ఆయన ముఖంలో నవ్వు నేను చూసింది అప్పుడే.

ఆ ఎద్దు గంటల పట్టెడను విప్పి నా చేతికిచ్చాడు. అంత పెద్ద పని నాకు ఎవరూ అప్పజెప్పి ఎరగరు. కాక బెల్లం ముక్కను మోతి ముక్కుకు పైన పట్టుకునేవాడు. అది లేవగానే నేను గంటలు ఊపాలి, ముక్క నోట్లో పడాలి. లేవడం, గంట, బెల్లం. రోజుల తరబడి ఇదే చాకిరి. ఆ తర్వాత బెల్లం కనపడకపోయినా గంట వింటే లేచేది. మెల్లగా ఊపితే నిలబడాలి, గలగలా ఊపితే చుట్టూ తిరగాలి, ఊపి చప్పున ఆపితే ముందుకాళ్లు చాపి దండం పెట్టాలి. కోతులను ఆడించేవాళ్ల చేతిలో కర్ర ఉంటుంది. కాక చేతిలో ఎప్పుడూ కర్ర లేదు. తప్పు అడుగు వేస్తే మళ్లీ మొదటి నుంచి వాయించేవాడు, అంతే.

"ఎవుసం జేసెటోని ఇంట్ల కుక్క నాట్యమా? పనిలేని మంగలోడు పిల్లి తల గొరిగిండట!" అని బాపు విసుక్కునేవాడు. విసుక్కుంటూనే, చుట్టాలొస్తే "గంగారాం, జర మోతిని లేపు" అని ఆయనే కేకేసేవాడు.

మరుసటి సీజనుకు మోతి ఆట బండ్ల లైనులోకి చేరింది. కాక ఖాళీ బండి మీద హార్మోనియం పెట్టుకుని కూర్చునేవాడు, కింద నేను పట్టెడతో నిలబడేదాన్ని. ఎక్కడెక్కడి బండ్ల వాళ్లూ ఎడ్లను వదిలి మూగేవాళ్లు. ఆట అయ్యాక మోతి లైను పొడవునా ఒక్కొక్కరి ముందూ దండం పెట్టుకుంటూ పోయేది, ఒక్కొక్కరూ దాని నోరు తీపి చేసేవాళ్లు. బెల్లం, చెరకు ముక్క, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లైతే పిడికెడు చక్కెర. కాకను అప్పటిదాకా 'ఆ పెండ్లాం పోయినాయన' అనేవాళ్లు. ఆ ఏడు నుంచి 'మోతి గంగారాం' అన్నారు. ఆయన తల ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. బాపమ్మ చాటుగా దిష్టి తీసింది, కొడుక్కా కుక్కకా అంటే చెప్పలేదు.

అందరిలోకీ మోతి అంటే ప్రాణం పెట్టినవాడు సాయన్న. మా ఊరి మాదిగవాడ మనిషి, ఒకరి బండి కట్టి చెరకు తోలేవాడు. తలకు ఎప్పుడూ ఎర్ర గళ్ల రుమాలు. మా ఇంటికొస్తే బాపమ్మ ఆయన దోసిట్లో ఎత్తి నీళ్లు పోసేది, చెంబు తగలనిచ్చేది కాదు. మా కళ్లముందు జరిగేదే గనక మాకు అది వింతగా అనిపించేది కాదు, ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. మోతికి మాత్రం అవేవీ తెలియవు. సాయన్న అరచేతిలో పెట్టిన బెల్లాన్ని తిని, ఆ చెయ్యంతా నాకి, మళ్లీ మా బాపమ్మ ఒడిలో వచ్చి పడుకునేది. "మీ ఇంట్ల నా చేతిది తినేది గిదొక్కతే పటేలా" అని సాయన్న కాకతో నవ్వుతూ అనేవాడు. కాక నవ్వేవాడు కాదు.

మోతి రోగాన్ని మొదట పసిగట్టింది బాపమ్మే. అప్పటికి అది మూడు నాలుగు సీజన్లు ఆడింది. కుడితి తొట్టిలో నీళ్లు ఎడ్లతో పోటీపడి తాగుతోంది, ఎంత తిన్నా ఎముకలు తేలుతున్నాయి.

"ఒరే గంగారాం, గిది పోసిన కాడల్లా చీమలు పడుతున్నయిరా. గిదేం వింతరా?" అంది బాపమ్మ ఒక పొద్దున.

తర్వాత దాని కళ్లలో పాలు పోసినట్టు తెలుపు దిగింది. బాపమ్మ మోర్తాడు పసుపు తడిపి గుడ్డ కట్టింది. తెలుపు తగ్గలేదు. చిత్రమేమిటంటే ఆట మాత్రం ఎక్కడా తప్పలేదు. చెవులతో ఆడేది గనక దానికి చూపు పోతోందని మాకు తెలియనే లేదు, ఒకరోజు మధ్యాహ్నపు ఎండలో నేరుగా వచ్చి బండి చక్రానికి కొట్టుకునేదాకా.

బోధన్‌లో పశువుల డాక్టరు దగ్గరికి బండి కట్టుకుని తీసుకెళ్లాం. దాని తల నా ఒడిలో ఉంది. డాక్టరు సాబ్ కనురెప్పలు ఎత్తి చూశాడు, చీమల సంగతి విన్నాడు.

"దీనికి చెక్కెర బీమారి ఉన్నది. ఏం పెడుతున్నవు దీనికి?"

కాక దాని పసుపు చెవిని నిమిరాడు. "బెల్లం సాబ్. అడుగడుగుకు బెల్లం" అన్నాడు.

"ఇగ తీపి బంద్. ఒక్క పలుకు గూడ పెట్టొద్దు. ఎగురుడు, దుంకుడు గూడ బంద్. ఆడిస్తే బతకది. సూది మందు మనుషులకే దొరుకుత లేదు, కుక్కకేడ తెస్తం?"

తిరుగు దారంతా కాక ఎడ్లను ఒక్క మాట అదిలించలేదు. ఇంటికి రాగానే హార్మోనియాన్ని పెట్టెలో పెట్టి గొళ్లెం వేశాడు. ఆట ఆపడం ఆయన చేతిలో ఉన్న పని. లోకం చేతిలోని బెల్లం ఆపడమే కష్టమైంది. కుక్కకు చక్కెర రోగమేమిటని ఊరంతా నవ్వింది. బాపమ్మ అంతటి మనిషి కొంగుచాటున బెల్లంతో దొరికిపోయి, "నోరు తెరిసి అడిగినదాన్ని కాదనమంటవా? నాతోని గాదు బిడ్డా" అని ఏడ్చింది. కాక బెల్లం కుండను మేనత్త ఇంటికి మోసుకుపోయాడు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు కూడా మా ఇంట్లో కట్టలేదు.

సాయన్న దగ్గర మాత్రం మాట తప్పుగా తగిలింది. ఆయన మోతికి బెల్లం అందిస్తుంటే కాక గబుక్కున చెయ్యి పట్టుకుని, "వద్దు సాయన్నా, పెట్టకు" అన్నాడు. చుట్టూ మనుషులున్నారు. సాయన్న ముఖం వాడిపోయింది.

"ఇన్నొద్దులు నా చేతిది తిన్నది గదా పటేలా. గిప్పుడు మైల వడ్డదా?"

కాక ఆ చెయ్యి వదిలేశాడు. మాటకారి అయితే డాక్టరు చెప్పిందంతా చెప్పి ఉండేవాడు. సాయన్న బెల్లం ముక్కను మళ్లీ నడుముకు చెక్కుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా వాకిట్లో ఆగలేదు, ఎత్తి పోసే నీళ్లకు కూడా రాలేదు. సంగతి ఆ నోటా ఈ నోటా ఆయన చెవిన పడే ఉంటుంది. పడ్డా ఆ గాయం అంత తొందరగా మానేది కాదని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

వానాకాలమంతా రోడ్డు మీద బండ్లు లేవు, మా ఎడ్లకూ సీజను దాకా పట్టెడ కట్టలేదు, గంటలు లేవు. మజ్జిగలో నానేసిన రొట్టె తిని మోతి కొంచెం తేరుకుంది. చూపు రాలేదు గానీ వాకిలి నుంచి కొట్టం దాకా గోడ వాసన పట్టుకుని నడిచేది. ఈ లెక్కన బతుకుతుందనే అనుకున్నాం. మేము మరిచిపోయిన సంగతి ఒకటే. దానికి ఆట నేర్పింది హార్మోనియం కాదు, గంట.

సైరన్ కూసింది. సీజను తెరిచారు. తెల్లారేసరికి మొదటి బండి గల్లుగల్లుమంటూ మా వాకిలి ముందు నుంచి పోయింది, మోతి లేచి నిలబడింది. ఎడ్లు తల ఊపుతూ పోతుంటే గిరగిరా తిరిగింది. బండి దాటిపోయాక ముందుకాళ్లు చాపి దండం పెట్టి, నోరు తెరుచుకుని, రాని బెల్లం కోసం ఎదురుచూసింది. అంతలో రెండో బండి వచ్చింది. ఆ తర్వాత మూడోది. పడిపోయేది, లేచేది. కాక ఎత్తుకుని ఒడిలో అదిమి పట్టుకుంటే ఒడిలోనే కాళ్లు ఆడించేది. పట్టపగలే దాన్ని కొట్టంలో పెట్టి తలుపు వేశాం. నేను సందులోంచి చూశాను. చీకటి కొట్టంలో, ఎవరూ చూడని చోట, ఆ గుడ్డి కుక్క వెనక కాళ్ల మీద లేచి తిరుగుతోంది. గోడకు కొట్టుకుని పడుతోంది. మళ్లీ లేస్తోంది. నాకు ఆ వేళ వచ్చిన భయం మరే దానికీ రాలేదు. అవ్వ వచ్చి నా కళ్లు మూసింది.

కాక రోడ్డు మీదికి పోయాడు. బెల్లం వద్దన్నందుకే మనసు నొచ్చుకున్నవాళ్ల దగ్గరికి, జీవితంలో ఎవరినీ ఏదీ అడగనివాడు చేతులు జోడించుకుని పోయాడు. "అన్నా, జర మా ఇల్లు దాటేదాక ఎడ్ల గంటలు తియ్యిండ్రి. అది సస్తున్నది" అన్నాడు.

ఎవరూ కసిరికొట్టలేదు, అలాగని ఎవరూ కదల్లేదు. "ఎడ్ల మెడల గంట తీసుడంటే ఇంట్ల పీనుగ లేసినట్టే గద గంగారాం" అన్నాడొక ముసలాయన. అది నిజమే. మా వైపు రైతులు ఇంట్లో చావు జరిగిన రోజు తప్ప బండికి కట్టిన ఎద్దు మెడలో గంట విప్పరు. సీజను మొదట్లో, పంట గేటు చేరకముందు, ఎవడు విప్పుతాడు? బాపు వాకిట్లో తల దించుకుని నిలబడ్డాడు. ఆయన బండీ అదే లైనులో ఉంది.

వెనకాల మూడు బండ్ల అవతల నుంచి సాయన్న దిగి వచ్చాడు. కాక వైపు చూడలేదు, ముసలాయనతోనే అన్నాడు.

"తీసుడెందుకే? నోరు కడితే సాలదా?"

తల మీది రుమాలు విప్పి పంటితో పట్టి చర్రున చింపాడు. తను తోలే ఎడ్ల గంటల్లో ఒక్కొక్క ముక్క దోపాడు. ఇంకా కొంత గుడ్డ మిగిలింది. మా బండి దగ్గరికి వచ్చి ఆగాడు.

"పటేలా, నా రుమాల ముక్క మీ ఎడ్ల గంటల వెట్టొచ్చునా?"

కాక ఎద్దు దగ్గరికి పోయాడు. ఎద్దు మెడలోంచి పట్టెడ విప్పి, రెండు చేతులతో సాయన్న చేతుల్లో పెట్టాడు. సాయన్న మా వాకిట్లోనే కూర్చుని గంటలన్నిటికీ నోళ్లు కట్టాడు. బాపమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎత్తి పోయలేదు, చెంబు ఆయన పక్కన పెట్టి వెళ్లింది.

ఆ మాట లైను వెంట పాకింది. అవతలి గట్టు వాళ్లు మరాఠీలో ఏమిటని అడిగి తెలుసుకుని, తువ్వాళ్లు చింపినవాళ్లు చింపారు, గోనె పీచు కుక్కినవాళ్లు కుక్కారు, ఏమీ లేనివాళ్లు చెరకాకు చుట్టి దోపారు. అప్పటి నుంచి మా వాకిలి ముందు బండి వెనక బండి, ఇరుసు కిర్రుమనడం తప్ప చప్పుడు లేకుండా పోయేవి. కొత్త బండి ఏదైనా గంటలతో వస్తే ముందున్నవాడే దిగి ఆపి చెప్పేవాడు. మోతి గడప మీద తల పెట్టుకుని పడుకుంది. చెవులు అప్పుడప్పుడూ కదిలేవి. నిద్రపోయింది. దానికి నిద్ర దొరికినందుకు ఇల్లంతా మెల్లగా నడిచాం, మెల్లగా మాట్లాడుకున్నాం.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, అవ్వ రొట్టె కొడుతోంది. ఉన్నట్టుండి రోడ్డు మీద ఒక గంట మోగింది. ఆ వెంటనే ఇంకోటి, మరింకోటి. వాకిట్లోకి పరిగెత్తి చూస్తే, చెప్పులు లేని కాళ్లతో కాక లైను పొడవునా నడుస్తూ, ఒక్కొక్క ఎద్దు దగ్గర ఆగి, గంటల్లోంచి గుడ్డలు తీస్తున్నాడు. ఎడ్లు తలలు విదిలిస్తున్నాయి, గంటలు ఒకదాని వెనక ఒకటి గేటు దాకా మోగుతూ పోతున్నాయి. అవ్వ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "పోయిందా?" అంది.

చెరకు మడి గట్టున కాక, సాయన్న కలిసి గుంత తవ్వారు. మట్టి కప్పబోతుంటే సాయన్న నడుములోంచి బెల్లం ముక్క తీసి మోతి మూతి దగ్గర పెట్టాడు.

"ఇగ తిననియ్యి పటేలా."

అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని కాక గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరిది తప్పు? కొట్టినవాడు లేడు, పస్తు పెట్టినవాడు లేడు. ఊరంతా కలిసి ప్రేమగా నోరు తీపి చేసి దాన్ని చంపుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బెల్లం నా గొంతు దిగదు.

కాక హార్మోనియాన్ని భజన వాళ్లకిచ్చేశాడు. లైనులో అందరి గంటల్లోంచీ గుడ్డలు తీసినవాడు మా పట్టెడలోవి మాత్రం తీయకుండా దాన్ని అలాగే కొట్టంలో మేకుకు తగిలించాడు. ఎద్దుకు బాపు వేరే పట్టెడ తెచ్చాడు. ఆ మేకు జోలికి ఎవరూ పోలేదు. కాక పోయాడు, సాయన్న పోయాడు, బాపమ్మ సంగతి చెప్పేదేముంది.

తమ్ముడికి ఇదంతా చెప్పి పట్టెడను నా సంచిలో పెట్టుకున్నాను. బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే ఎదురుగా ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. దాంట్లోంచి పొగ రాక ఏళ్లయింది. సైరన్ లేదు, మడ్డి వాసన లేదు, మడుల్లో చెరకు పోయి వరి వచ్చింది. బస్సు ఎంతకీ రాలేదు. ఆ దారి చాలాసేపు చప్పుడు లేకుండా ఉంది, ఒక గుడ్డి కుక్క నిద్రపోవాలని కాదు, మోగించుకుంటూ వచ్చే ఎడ్లు లేక.